దుద్దెడ దగ్గర మలుపు

ఔటర్ రింగ్ రోడ్డు మీద 6వ ఎగ్జిట్ మేడ్చల్‌కు, 7వది శామీర్‌పేటకు. ఆ రెండింటి నడుమ ఒక అద్దెగదిలో నా పీజీ డిజైన్ ప్రాజెక్టు నాలుగు నెలలు గోడమీదే ఉండిపోయింది. డెన్మార్క్ కుర్చీలు, జపాన్ పొట్లాలు, జర్మనీ పోస్టర్లు అంటించి పెట్టుకున్నాను. అన్నీ అందమైనవే. మా గైడు వచ్చి గోడంతా చూసి, "ఇందులో నువ్వెక్కడున్నావు?" అని అడిగారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాటి నుంచి ఇంకా ఎక్కువ బొమ్మలు అంటించడం మొదలుపెట్టాను.

గదిలో కూర్చున్న మనిషికి ఆ ప్రశ్న జవాబు దొరకనిదని ఇప్పుడు నా నమ్మకం.

మేడ్చల్ మీదుగా వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకుంటే పొనికి చెక్క బొమ్మల నిర్మల్ వస్తుంది. శామీర్‌పేట మీదుగా వెళ్లే రాజీవ్ రహదారి గొల్లభామ చీరల సిద్దిపేటనూ, వెండి ఫిలిగ్రీ కరీంనగర్‌నూ కలుపుతుంది. ఆ బస్సులు నా కళ్లముందే పోయేవి. ఒక్కటీ ఎక్కలేదు.

ఒక ఆదివారం రాజీవ్ రహదారి బస్సు ఎక్కాను. దుద్దెడలో దిగి, జనగామ రోడ్డు పట్టుకొని చేర్యాల చేరాను. కథలు చెప్పడానికి అక్కడ గీసే నకాషీ పటాల అంచులూ పూలూ కాపీ చేసుకొద్దామన్నదే అప్పటి ఆలోచన. అక్కడ నన్ను ఆపేసింది బొమ్మ కాదు, బొమ్మ కింది గుడ్డ. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూస్తారు. ఆరాక మళ్లీ పూస్తారు. మళ్లీ ఆరనిస్తారు. ఆ నేల సిద్ధమయ్యాకే గీత.

ఇంకో సంగతి నన్ను అంతకన్నా కదిలించింది. పటం గీసేవాళ్లు వేరు, దాన్ని విప్పి కథ చెప్పేవాళ్లు వేరు, వినేవాళ్లు మళ్లీ వేరు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, రజకులకు మడేలు పురాణం, గౌడులకు గౌడ పురాణం. ఎవరి పటం వాళ్లదే. ఆ ఎర్రటి నేల, ఆ పెద్ద కళ్లు చూస్తుంటే, చివరి వరసలో కూర్చున్న మనిషి చిత్రకారుడి మనసులో ఎప్పుడూ ఉండేవాడనిపించింది. ఇవాళ ఆ మొహాలను ఫోన్ కవర్ల మీదా చేతిసంచుల మీదా అచ్చేసి, ఇదే మన గుర్తింపు అంటున్న విద్యార్థుల పని చూస్తే నాకు బాధేస్తుంది. వాళ్లు తెచ్చుకున్నది మొహాన్నే. ఆ చివరి వరస మనిషి మాత్రం వాళ్ల వెంట రాలేదు.

ఆ మనిషిని వదిలిపెట్టని ఇద్దరు చిత్రకారులు నాకు గుర్తొస్తారు. ఉమ్మడి మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన కె. లక్ష్మాగౌడ్ 1963లో బరోడా వెళ్లి కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదువుకున్నారు. ఉమ్మడి కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టిన తోట వైకుంఠం తర్వాత కొన్నేళ్లకు ఆ గురువు దగ్గరికే వెళ్లారు. లక్ష్మాగౌడ్ ఎచింగుల్లో సన్నటి గీత, మేకలు, చెట్లు, మనుషుల దేహాలు. వైకుంఠం బొమ్మల్లో కుంకుమ రంగు చీరలు, నుదుట రూపాయంత బొట్లు, పల్లెలకొచ్చే నాటక సమాజాల్లో ఆడవేషాలు కట్టిన మగవాళ్ల ఛాయలు. ఒకరి బొమ్మ చూసి ఇంకొకరిదని పొరబడే వీలే లేదు. ఇద్దరూ తిరిగొచ్చి నిలబడింది మాత్రం సొంత పల్లె ముందే. పీజీ ప్రాజెక్టు చేసే ప్రతి పిల్లకూ పిల్లాడికీ ముందు ఈ ఇద్దరి బొమ్మలను పక్కపక్కన పెట్టి చూపించాలనుకుంటాను.

చేర్యాల నుంచి వచ్చాక గోడ ఖాళీ చేశాను. శామీర్‌పేట దగ్గర రోడ్డు పక్కన కూరగాయలు అమ్మే ఒక పెద్దమ్మ దగ్గర పది రోజులు కూర్చున్నాను. మంచి బోర్డు చేసిస్తానన్నాను. "బోర్డు నాకెందుకు బిడ్డా? పగటీలికి బెండకాయ వాడిపోతున్నది, దానికేమన్న చెయ్యి" అంది.

వెదురు బద్దలు, పైన తడిపిన గోనెపట్టా. నా ప్రాజెక్టు అంతే. మొదటిది లారీ గాలికే పడిపోయింది. రెండోదానికి కాళ్లు వెడల్పు చేస్తే గంపకు చోటు చాలలేదు. మూడోది నిలబడింది. వారం తర్వాత వెళ్లి చూస్తే దాన్ని పడమటి ఎండకు అడ్డంగా తిప్పి పెట్టుకుంది. పై బద్దకు తాడు కట్టి సద్దిగిన్నె వేలాడదీసింది. నేను నోట్‌బుక్ తీసి ఆ తాడు ముడి గీసుకున్నాను.