చప్పుడు తగ్గింది ఎవరి చెవికి?

తుపాకీ మోతను తగ్గించే సప్రెసర్ కొత్తది ఏదైనా మార్కెట్లోకి వచ్చిందంటే, ఇక్కడ టెక్సస్‌లో రైఫిల్ షూటింగ్ ఇష్టపడే మా వాళ్లకు పండగే. బరువెంత, పొడవెంత, మొహం మీదికి పొగ కొడుతోందా, చప్పుడు ఎంత తగ్గింది అని రేంజిలో ఎవరిని కదిపినా ఇవే మాటలు. ఆ ఉత్సాహం నాకూ ఉంది. అయితే చివరి ప్రశ్నకు వచ్చే జవాబుల్లో ఒక వెలితి కనిపిస్తుంది. ‘అబ్బ, చప్పుడే లేదు’ అంటారు. ఎవరి చెవికి లేదో చెప్పరు.

రైఫిల్ పేలినప్పుడు మనం వినేది ఒక్క శబ్దం కాదు. తూటాలోని మందు మండి పుట్టిన వాయువు బ్యారెల్ చివర ఒక్కసారిగా బయటపడుతుంది. పెద్ద పేలుడు అదే. బుల్లెట్ ధ్వని కన్నా వేగంగా గాలిని చీల్చుకుపోతుంటే వచ్చే చప్పుడు రెండోది. గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 343 మీటర్లు. .308 రైఫిల్ బుల్లెట్ సెకనుకు సుమారు 800 మీటర్ల వేగంతో బయల్దేరుతుంది. సప్రెసర్ మొదటి చప్పుడునే అదుపు చేయగలదు. బండి సైలెన్సర్‌లాగే వాయువును అరల్లో తిప్పి, చల్లబరిచి, నిదానంగా వదులుతుంది. బుల్లెట్ దాటిపోయాక గాలిలో పుట్టే చప్పుడును అదేమీ చేయలేదు.

సప్రెసర్ లేని రైఫిల్ శబ్దం 160 డెసిబెల్స్ దాటుతుంది. మంచి సప్రెసర్ అందులో ఇరవై నుంచి ముప్పై అయిదు దాకా తగ్గిస్తుంది. క్షణంలో వచ్చిపోయే చప్పుడుకు 140 డెసిబెల్స్ మించకూడదన్నది అమెరికాలో పని చేసేచోట పాటించే హద్దు. అంటే అంత శ్రమపడి తయారుచేసిన వస్తువు మనల్ని ఆ హద్దు దగ్గరికి, మహా అయితే కాస్త కిందికి దించుతుంది, అంతే. సినిమాలో వినిపించే ‘ఫుట్’ మాత్రం రాదు.

సప్రెసర్‌ను తొలిసారి వ్యాపారస్థాయిలో అమ్మింది హైరమ్ పెర్సీ మాగ్జిమ్. మెషిన్‌గన్ కనిపెట్టిన హైరమ్ స్టీవెన్స్ మాగ్జిమ్ కొడుకు. తన తుపాకుల మోతలోనే బతికిన ఆ తండ్రికి వయసు మీద పడేసరికి చెవుడు వచ్చింది. కొడుకు 1909లో పేటెంటు పొందాడు. అమెరికా అధ్యక్షుడిగా చేసిన థియొడోర్ రూజ్‌వెల్ట్ అంతటివాడు తన వించెస్టర్ రైఫిల్‌కు మాగ్జిమ్ సైలెన్సర్ బిగించుకున్నాడు. 1934లో వచ్చిన చట్టం దీని మీద 200 డాలర్ల పన్ను వేసింది. ఆ రోజుల్లో అది సామాన్యుడికి అందని మొత్తం. 2026 జనవరి 1 నుంచి ఆ పన్ను సున్నా అయింది. రిజిస్ట్రేషన్, దరఖాస్తు మాత్రం అలాగే ఉన్నాయి. మొదటిసారి కొనాలనుకునేవాళ్లకు ఇప్పుడు ఒక అడ్డు తొలగింది. వాళ్లు నమ్ముకునేది ముందుగా వాడినవాళ్ల మాటనే. అందుకే ఆ మాట తూకంగా ఉండాలని నా పట్టుదల.

హక్స్‌వర్క్స్ కంపెనీ ఫ్లో 556కె సంగతే చూడండి. పాతరకం సప్రెసర్లు వాయువును లోపల నిలిపివేస్తాయి. సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌లో ఆ ఒత్తిడి వెనక్కి తన్ని, పొగ షూటర్ కళ్లలోకి కొడుతుంది. ఫ్లో రకం వాయువును ముందుకే పోనిస్తుంది. 3డి ప్రింటింగ్ వచ్చాకే అలాంటి మెలికల దారులను లోహంలో తేలిగ్గా మలచడం సాధ్యమైంది. ఇలాంటిది వచ్చినప్పుడు రేంజిలో రెండు వర్గాలు తయారవుతాయి. కాల్చినవాడు కళ్లు మండలేదనీ, చెవికి హాయిగా ఉందనీ అంటాడు. బ్యారెల్ చివర పక్కగా నిలబడినవాడు పాతవాటికన్నా మోతగా ఉందంటాడు. ఇద్దరిదీ నిజమే కావచ్చు. పాత పద్ధతిలో కొలిచే మైకు బ్యారెల్ చివర నుంచి ఒక మీటరు పక్కన ఉంటుంది. షూటర్ చెవి ఉండేది అక్కడ కాదు. ఒక్క అంకె చెప్పి వాదన ముగించేవాళ్లు ఈ రెండు చోట్లనూ కలిపేస్తున్నారు.

తొలి తూటా విషయంలోనూ తొందరపాటు చూస్తుంటాను. సప్రెసర్ లోపల నిలిచిన గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మొదటి తూటా వాయువు మరింత మండుతుంది కాబట్టి ఆ పేలుడు తర్వాతివాటికన్నా గట్టిగా వినిపిస్తుంది. దాన్ని బట్టే తీర్పు చెప్పడం ఎంత తప్పో, వేటగాడికి దక్కేది తరచూ ఆ ఒక్క తూటాయే కనుక దాన్ని లెక్కలోంచి తీసేయడమూ అంతే తప్పు. రేకుల కప్పు కింద వినిపించే మోతకూ, బయలులో వినిపించేదానికీ పోలిక లేదు. పొట్టి బ్యారెల్ నుంచి ఎక్కువ ఒత్తిడితో వాయువు బయటపడుతుంది. సప్రెసర్ బిగించినప్పుడు, తీసినప్పుడు గురి ఎంత జరుగుతోందో కాగితం మీద కాల్చి చూడాలి. వరసగా కాలిస్తే సప్రెసర్ బాగా వేడెక్కుతుంది, పైన లేచే వేడిగాలికి స్కోపులో లక్ష్యం అలలుగా కదులుతుంది. ఇవన్నీ చూశాకే ఒక సప్రెసర్ మంచిదో కాదో చెప్పాలి.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది, చప్పుడు ఎంత తగ్గిందో తెలుసుకోవాలని ఇయర్‌ప్లగ్స్ తీసేసి కాల్చడం. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నని రోమకణాలు ఒకసారి చచ్చిపోతే మనిషిలో మళ్లీ మొలవవు. నష్టం తరచూ నొప్పి లేకుండానే జరుగుతుంది. చెవిలో ఆగని గీ మోత మొదలయ్యాక గానీ తెలియదు. చెవిని కాపాడటానికి పుట్టిన పరికరాన్ని పరీక్షించడానికి చెవినే పణంగా పెట్టడం సరికాదు. చెవి ఎలాగూ నమ్మదగిన కొలత ఇవ్వదు. మోతకు మొద్దుబారిన చెవి కాసేపటికి ప్రతి సప్రెసర్‌నూ మెచ్చుకుంటుంది. ఆ కొలత పనిని వేగంగా నమోదు చేసే యంత్రాలకు వదిలేద్దాం.

తోటి షూటర్లకు నా విన్నపం ఇది. కొత్త సప్రెసర్ గురించి ఎవరైనా అడిగితే, మీరు ఎక్కడ నిలబడి విన్నారో, బ్యారెల్ పొడవెంతో, ఏ తూటా వాడారో, పైన కప్పు ఉందో లేదో చెప్పండి. సప్రెసర్ ఉన్నా ప్లగ్స్ పెట్టుకోవాలని కూడా చెప్పండి. మీ మాట నమ్మి డబ్బు ఖర్చు పెట్టే మనిషికి ఆ నాలుగు వివరాలు ఏ పొగడ్తకన్నా ఎక్కువ పనికొస్తాయి.