తిన్నె, దిబ్బ, ఎడారి: ఎర్రమట్టి దిబ్బలు – భీమిలి ఒక్కరోజు యాత్రాకథనాలపై ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: విశాఖపట్నం నుంచి ఎర్రమట్టి దిబ్బల మీదుగా భీమునిపట్నం వరకు సాగే ఒక్కరోజు విహారం పత్రికల యాత్రారచనల్లోనూ, కళాశాల విద్యార్థులు రాసే విహారయాత్రా నివేదికల్లోనూ తరచుగా కనిపించే వస్తువు. ఈ కథనాలు ఆ స్థలాన్ని ఏ మాటతో పిలుస్తున్నాయి, ఎవరి చూపుతో చూస్తున్నాయి అన్న రెండు ప్రశ్నలను ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర వేసిన దారిని దృష్టిలో ఉంచుకొని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: యాత్రాసాహిత్యం, ఎర్రమట్టి దిబ్బలు, భీమిలి, స్థలనామం, మార్గదర్శి, వర్ణన.

ప్రవేశిక

తెలుగు యాత్రాసాహిత్యంపై జరిగిన పరిశోధన ఎక్కువగా దీర్ఘయాత్రల చుట్టూ తిరిగింది. కాశీయాత్రలు, హిమాలయ యాత్రలు, విదేశయాత్రలు సిద్ధాంత గ్రంథాలకు వస్తువులయ్యాయి. ఉదయం బయలుదేరి రాత్రికి తిరిగివచ్చే విహారం గురించిన రాతను సాహిత్యంగా లెక్కించినవారు తక్కువ. అయితే ఇవాళ తెలుగులో యాత్రారచన పేరుతో వచ్చే పుటల్లో పెద్దభాగం ఈ కోవకు చెందినదే. ఆదివారం అనుబంధాల్లోని విహార వ్యాసం, పర్యాటక ప్రచార పత్రం, విద్యార్థి నివేదిక అనే మూడూ ఒకే అచ్చులో పోసినట్లుంటాయి. బస్సు కదలడంతో మొదలై, చూసిన స్థలాల వరుస చెప్పి, మధురానుభూతితో ముగుస్తాయి.

ఈ కథనాల లోపాన్ని యాత్ర నిడివికి అంటగట్టడం తేలిక. కాలం తక్కువ గనుక చూపు పైపైన సాగిందనే సమర్థన తరచుగా వినిపిస్తుంది. కాశీయాత్ర చరిత్ర ముందు ఆ సమర్థన నిలవదు. వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నంలో బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరిన మాట నిజమే. అయితే ఆ పదిహేను నెలల యాత్రలో ఆయన దాటిన ఊళ్లలో అధికభాగం ఒక పూట మజిలీలే. అంత కొద్ది వ్యవధిలోనే నీటి వసతి, అంగళ్లు, దారి తీరు, నదిని దాటించే ఏర్పాటు, జనం మాటతీరు ఆయన కలానికి అందాయి. ఒక పూట చూపు కూడా సాంద్రంగా ఉండగలదని తెలుగు వచనం 1838లో అచ్చైన ఆ గ్రంథంతోనే రుజువు చేసుకుంది. అందువల్ల ప్రశ్నను గడియారం మీదినుంచి భాష మీదికి మళ్లించాలి.

మాటల ఎంపిక

ఎర్రమట్టి దిబ్బల గురించి రాసేటప్పుడు తెలుగు రచయిత చేతిలో కనీసం మూడు మాటలున్నాయి: తిన్నె, దిబ్బ, ఎడారి. వీటిలో ఏది ఎంచుకుంటే ఆ స్థలం ఆ రూపం దాలుస్తుంది.

తిన్నె కావ్యభాషకు దగ్గరి మాట. ఇసుకతిన్నె అనగానే ఏటి ఒడ్డు, వెన్నెల, మెత్తదనం స్ఫురిస్తాయి. దాని సంస్కృత సోదరి సైకతం ప్రబంధాల్లో నాయిక జఘనానికి ఉపమానమై అరిగిపోయింది. దిబ్బ అలాంటి మర్యాద దక్కని మాట. పెంటదిబ్బ, బూడిదదిబ్బ, మట్టిదిబ్బ వంటి సమాసాల్లో పోగుపడినది, పనికిరానిది, ఎవరైనా తవ్వుకుపోదగినది అనే ధ్వని ఉంది. నిత్యవ్యవహారంలోని తిట్లలో కూడా ఈ మాటకు చోటుంది. ఈ ధ్వని కేవలం అలంకారశాస్త్ర విషయం కాదు. అమరావతి స్తూపం శిథిలమై మట్టికప్పుకున్న కాలంలో స్థానికులు దాన్ని దీపాలదిన్నె అన్నారు. దిన్నె, దిబ్బ అర్థంలో ఇరుగుపొరుగు మాటలే. 18వ శతాబ్ది చివర కట్టడాల కోసం ఆ దిన్నెను తవ్వి ఇటుకలు, రాళ్లు తరలించినప్పుడు తవ్వినవారి దృష్టిలో అది స్తూపం కాదు, సామగ్రి దొరికే గుట్ట. పేరు ఒక్కటే ఆ నష్టానికి కారణమని అనలేం గానీ, పేరు అడ్డుపడలేదని మాత్రం అనవచ్చు.

మూడవ మాట ఎడారి. విహార కథనాలు ఎక్కువగా మొగ్గేది దీనివైపే. విశాఖ పక్కనే ఎడారి, సాగరతీరంలో ఎడారి వంటి శీర్షికలు పాఠకుణ్ణి వెంటనే ఆకర్షిస్తాయి. మన వర్ణనా సంప్రదాయంలోని ఒక ఖాళీ కూడా ఇందుకు తోడ్పడింది. అష్టాదశ వర్ణనల్లో నగరం ఉంది, అర్ణవం ఉంది, శైలం ఉంది, ప్రయాణం సైతం ఉంది; మరుభూమి లేదు. సముద్రం ముందు నిలబడ్డ తెలుగు రచయితకు వెయ్యేళ్ల పదసంపద అందుబాటులో ఉంటుంది. ఇసుక మేటల ముందు నిలబడ్డవాడికి అటువంటి నిల్వ లేదు. ఆ ఖాళీని సినిమా పాటల చిత్రీకరణ నింపింది. ఎర్రమట్టి దిబ్బలు ఎన్నో చిత్రాలకు రంగస్థలమయ్యాయి. తెరమీద ఎడారిగా కనిపించిన చోటు కాగితం మీద కూడా ఎడారి కావడంలో ఆశ్చర్యం లేదు.

తెలంగాణ పాఠకుడికి ఎడారి అనే మాట విహారార్థంలో అంత సులభంగా అందదని కూడా గుర్తుంచుకోవాలి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కామారెడ్డి ప్రాంతాల కుటుంబాలకు దశాబ్దాలుగా ఎడారి అంటే గల్ఫ్. గల్ఫ్ అంటే కూలి, అప్పు, ఎదురుచూపు. దుబాయి ఇసుకలో సాయంకాలపు వాహన విహారం చేసి వచ్చిన యాత్రికుడూ, అదే ఇసుక అంచున కట్టడాల పని చేసి వచ్చిన కార్మికుడూ ఒకే మాట వాడతారు. యాత్రాసాహిత్యంగా లెక్కకు వచ్చినది మాత్రం మొదటివాడి రాతే. రెండవవాడి ఉత్తరాలు, పాటలు వలస సాహిత్యం అనే వేరే అరలోకి పోయాయి. ఈ విభజనను యాత్రాసాహిత్య చరిత్రకారులు ఇప్పటికైనా పునఃపరిశీలించవలసి ఉంది.

ఎడారి కానిది

ఎర్రమట్టి దిబ్బలు ఎడారి కావు. తూర్పుకనుమల ఖోండలైటు శిలలు శైథిల్యం చెంది, వాటి రేణువులు వాగుల ద్వారా తీరానికి చేరాయి. సుమారు 20,000 ఏళ్ల క్రితం మంచుయుగం తీవ్రంగా ఉన్నప్పుడు సముద్రమట్టం ఇవాళ్టికంటే నూరు మీటర్లకు పైగా దిగువకు జారింది. బయటపడ్డ సముద్రగర్భపు ఇసుకను గాలి ఒడ్డుకు చేర్చింది. ఇసుక రేణువులపై ఇనుప ఆక్సైడు పొర ఏర్పడడంతో ఎరుపు వచ్చింది. ఆ తర్వాతి వానలు మేటలను కోసి, నిలువు గోడల వంటి లోతైన గండ్లను చేశాయి. పై పొర లేత పసుపు, దాని కింద ఇటుకరంగు, ఇంకా కింద గట్టిపడిన ముద్దలతో కూడిన గోధుమవన్నె ఎరుపు, అడుగున మళ్లీ పసుపు ఇసుక అన్న క్రమం ఆ గోడల్లో కనిపిస్తుంది. అంటే సందర్శకుడు నేడు చూస్తున్న రూపం నీరు చెక్కినది. నీరు లేకపోవడం వల్ల ఏర్పడే భూమిని ఎడారి అంటాం. ఈ భూమి రూపం నీటివల్ల ఏర్పడింది. ఇటువంటి ఎర్ర తీర ఇసుక దక్షిణాసియాలో తమిళనాడు, శ్రీలంక తీరాల్లో తప్ప మరెక్కడా ప్రముఖంగా లేదు. తమిళనాడులో దానికి తేరి అనే సొంత పేరుంది.

ఈ సందర్భంలో ప్రాచీన తమిళ తిణై భావన ఉపకరిస్తుంది. అందులో పాలై అనేది ప్రత్యేక భూభాగం కాదు. కొండ, అడవి భూములు ఎండినప్పుడు పొందే స్థితి. భూమిని స్థిరవస్తువుగా కాక కాలంలో మారే స్థితిగా చూడగల ఆ దృష్టి ఎర్రమట్టి దిబ్బలకు ఎడారి అనే మాటకంటే ఎంతో దగ్గరగా ఉంది. తెలుగు లాక్షణికులు తిణై విభజనను స్వీకరించలేదు. యాత్రాకథనాన్ని బోధించే అధ్యాపకుడు తులనాత్మకంగా దాన్ని పరిచయం చేయడానికి మాత్రం అడ్డేమీ లేదు.

మార్గదర్శి గొంతు

ఒక్కరోజు యాత్రలో స్థలాల వరుసను నిర్ణయించేది యాత్రికుడు కాదు, మార్గదర్శి. కైలాసగిరి, ఋషికొండ, తొట్లకొండ, దిబ్బలు, భీమిలి అనే వరుస బస్సు దారిని బట్టి వచ్చింది. కథనం ఆ వరుసనే తన నిర్మాణంగా స్వీకరిస్తుంది. మార్గదర్శి పది నిమిషాలు ఆగిన చోట కథనం ఒక పేరా ఆగుతుంది. ఛాయాచిత్రాల కోసం అరగంట ఆగిన చోట మూడు పేరాలు. వ్యాసకర్త సొంత ఆసక్తికి చోటే మిగలదు.

వీరాస్వామయ్య ఒంటరి కాడు. పెద్ద పరివారంతో, మేనాలో, దారి చెప్పేవారి సాయంతో ప్రయాణించాడు. మార్గదర్శి ఉండడం దోషం కాదని ఆయన ఉదాహరణే చెబుతుంది. ఆయన అడిగిన ప్రశ్నలు మాత్రం ఆయనవే. మదరాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసినవాడు గనుక ఒకరు చెప్పినదాన్ని మరొకరి భాషలోకి మార్చేముందు తూచి చూసే అలవాటు ఆయన వృత్తిలోనే ఉంది. మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లెకు పంపుతున్న రాతగా ఆ గ్రంథం రూపొందింది కాబట్టి, ఆ దారిన వెళ్లబోయేవారికి ఏం కావాలన్న స్పృహ ప్రతి మజిలీలో కనిపిస్తుంది. ఇందుకు పూర్తి భిన్నమైన పద్ధతి మాచవరపు ఆదినారాయణది. విశాఖలోనే అధ్యాపకుడిగా ఉన్న ఆయన భ్రమణ కాంక్షలో మార్గదర్శినే వదులుకొని కాలినడకను ఎంచుకున్నాడు. నడిచేవాడికి దారిలోని మనుషులే చెబుతారు. ఈ రెండు పద్ధతుల్లో ఏదీ లేని కథనంలో మిగిలేది విన్నమాట. తొట్లకొండ, బావికొండ అనే పేర్లు అక్కడి రాతి తొట్లనుంచి, బావులనుంచి వచ్చాయని మార్గదర్శి చెబితే ఆ సంగతి రాసుకోవడం ఒకటి. బౌద్ధ భిక్షువులు కొండమీద వాననీటిని ఎలా నిలుపుకున్నారో తొట్టిలోకి తొంగిచూసి రాయడం మరొకటి.

భీమిలి: ఒక గంటలో చూసిన ఊరు

విహారాల్లో భీమిలికి దక్కేది సాయంకాలం మాత్రమే. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు, దీపస్తంభం, డచ్చివారి శ్మశానం, తినుబండారాలతో ఊరు అయిపోతుంది. 17వ శతాబ్దిలో డచ్చి వర్తకుల స్థావరమై, 1825లో ఆంగ్లేయుల చేతికి వచ్చి, 1861లో పురపాలక సంఘమై, తర్వాత మహావిశాఖలో విలీనమైన ఊరిది. సంవత్సరాలను కథనాలు ఇస్తాయి. వాటి మధ్య జరిగినది ఇవ్వవు. డచ్చివారు ఈ తీరానికి ప్రధానంగా వస్త్రం కోసం వచ్చారు. ఆ వస్త్రం నేసినవారి సంగతి, రేవులో సరుకు మోసినవారి సంగతి ఏ విహార వ్యాసంలోనూ ప్రశ్నగానైనా రాదు. సమాధి ఫలకాలమీద డచ్చి పేర్లు చదవబడతాయి, పక్కనే వల బాగుచేసుకుంటున్న మత్స్యకారుడు మాత్రం ఛాయాచిత్రానికి నేపథ్యమవుతాడు.

తెలుగు వ్యవహారంలో మరుభూమికి ఎడారి అనే అర్థంతోపాటు శ్మశానమనే అర్థం కూడా స్థిరపడింది. పొద్దున ఎడారి పేరుతో దిబ్బలను, సాయంత్రం శ్మశానాన్ని చూసివచ్చే ఈ విహారంలో ఒకే మాట రెండుచోట్లా పలకవలసి వస్తుంది. ఒక మంచి వ్యాసకర్తకు ఈ ఒక్క సంగతి చాలు, దినమంతటినీ ఒక దారంమీద గుచ్చడానికి.

చూసేవాడి నేల

ఈ రాతల్లో అన్నిటికంటే నష్టపోయేది చూసేవాడి సొంత నేల. మహబూబాబాద్ జిల్లా గంగారం మండలంవంటి అటవీప్రాంతం నుంచి విహారయాత్రకు వచ్చిన విద్యార్థికి ఇసుక అంటే వాగు ఇసుక. ఎత్తైన నేల అంటే గుట్ట. తాను వాగు అనేదాన్ని ఉత్తరాంధ్రలో గెడ్డ అంటారన్న సంగతి ఆ విద్యార్థికే కొత్తగా, పదునుగా వినిపిస్తుంది, విశాఖవాసికి వినిపించదు. దిబ్బల మధ్య వాన కోసిన గండిని చూసి తమ ఊరి చేనుగట్టు కోతతో పోల్చగలిగేదీ ఆ విద్యార్థే. తిరిగివచ్చాక రాసిన నివేదికలో ఈ పోలికలు ఉండవు. మార్గదర్శి చెప్పిన వాక్యాలు ఉంటాయి. సొంత మాటతో రాస్తే అశాస్త్రీయమవుతుందేమోనన్న భయాన్ని తరగతి గదే నేర్పింది. వాగు, గుట్ట, గండి అనే మాటలను కొట్టివేసి సైకత సౌందర్యం అని దిద్దే ఎర్రసిరా ఈ విషయంలో సినిమాకంటే తక్కువ హాని చేయలేదు.

దిబ్బ అనే మాటపై మరొక్క సంగతి. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ ఈ ప్రదేశాన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. ఆ గుర్తింపు ఉన్నా 2024లో నివాస స్థలాల కోసం ఇక్కడ తవ్వకాలు జరిగి వివాదమయ్యాయి. 2025లో ఈ ప్రదేశం యునెస్కో తాత్కాలిక వారసత్వ జాబితాలో చేరింది. ఆ జాబితా దీన్ని ఎడారి అనలేదు, ఆంగ్లంలోకి అనువదించనూ లేదు. ఎర్ర, మట్టి, దిబ్బలు అనే మూడు తెలుగు మాటలనే ఉన్నవున్నట్లు నమోదు చేసింది.