వ్యర్థములతో పెరటి ఆటస్థలము: గుణదోషములు

కాసిపేట వంటి బొగ్గుగనుల ఊళ్ళలో వ్యర్థపదార్థములతో పెరటి ఆటస్థలమును నిర్మించు ఆలోచన మెచ్చదగినదే. 13.4 మీటర్ల పొడవు, 6.1 మీటర్ల వెడల్పుగల బాడ్మింటన్ స్థలమునకు 10 సెంటీమీటర్ల మందమున పునాది వేసినచో సుమారు 8 ఘనమీటర్ల పదార్థము పట్టును. రామగుండము, జైపూరు విద్యుత్కేంద్రముల బూడిద సున్నముతోను, నీటితోను కలిసి గట్టిపడును గనుక ఈ పనికి చక్కగా ఉపకరించును.

చిక్కంతయు పైపొరలోనే ఉన్నది. పాతటైర్ల రబ్బరుపొడి నల్లనిది. వేసవి ఎండను పీల్చి పిల్లల పాదములను కాల్చును. వదులుగా చల్లిన రేణువులు వాననీటితో కొట్టుకొనిపోయి నేలలో చేరును. అట్టి రేణువుల అమ్మకము 2031 నుండి ఆగిపోవలెనని ఐరోపా సమాఖ్య 2023లో శాసించినది.

కావున బూడిదను అడుగున బంధించి, పైన మట్టినే వాలుగా పరచుట మేలు. వ్యర్థమును వాడుట గుణమే గాని, దానిని మరల వెదజల్లుట గుణము కానేరదు.