‘35 చిన్న కథ కాదు’ - ఎదిగే పిల్లల చిత్రంగా ఒక పరిశీలన

తెలుగులో ‘బాలల చిత్రం’ అన్న మాటను రెండు అర్థాలలో వాడుతున్నారు. పిల్లలు ప్రధాన పాత్రలుగా ఉన్న చిత్రానికీ, పిల్లల కోసం తీసిన చిత్రానికీ అదే పేరు. నందకిషోర్ ఈమాని రచించి, దర్శకత్వం వహించిన ‘35 చిన్న కథ కాదు’ (2024) ఈ రెండింటి సరిహద్దులో నిలుస్తుంది. తెలంగాణ ప్రభుత్వ గద్దర్ పురస్కారాలలో 2024 సంవత్సరానికి ఇది ఉత్తమ బాలల చిత్రంగా ఎంపికైంది. తల్లి పాత్ర ధరించిన నివేదా థామస్‌కు ఉత్తమ నటి పురస్కారం లభించింది. ఇది బిడ్డ కథా, తల్లి కథా? పది నుంచి పద్నాలుగేళ్ల ప్రేక్షకులకు ఈ చిత్రం ఎంతవరకు తగినదో తేల్చాలంటే ముందు ఈ ప్రశ్నకు సమాధానం వెదకాలి.

కథా స్థలం తిరుపతి. బస్సు కండక్టర్ ప్రసాద్, సరస్వతి దంపతుల పెద్ద కొడుకు అరుణ్‌కు లెక్కలు రావు. అందుకు కారణం మందబుద్ధి కాదు, తీరని సందేహం. విలువ లేదంటున్న సున్న ఒకటి పక్కన చేరితే పది ఎట్లా అవుతుంది? సున్న స్థానాన్ని చూపే గుర్తు, స్వయంగా ఒక సంఖ్య కూడా. ఈ రెండు పనులను విడదీసి చెప్పనిదే బాలుని సందేహం తీరదు. సున్నతో గణితానికి నియమాలు చెప్పిన బ్రహ్మగుప్తుడు (628) సైతం సున్నను సున్నతో భాగిస్తే సున్న వస్తుందన్నాడు. నేటి గణితం దానిని అంగీకరించదు. అంతటి శాస్త్రకారుడే తడబడిన చోట ఒక బాలుడు ఆగిపోవడం తప్పు కాదు. కాని ఉపాధ్యాయుడు చాణక్య అతనికి సమాధానం చెప్పడు, ‘జీరో’ అని పేరు పెడతాడు. తనకు అర్థం కాని సున్నే తన పేరు కావడంలోని అవమానం ఈ వయసు పిల్లలకు వివరణ లేకుండానే అందుతుంది.

‘తారే జమీన్ పర్’ (2007)లో బాలుని ఇబ్బందికి డిస్లెక్సియా అన్న పేరు దొరుకుతుంది. బయటి నుంచి వచ్చిన ఉపాధ్యాయుడు ఆదుకుంటాడు. ఇక్కడ వ్యాధి పేరు లేదు, బయటి రక్షకుడు లేడు. పదో తరగతి గట్టెక్కని తల్లే మళ్లీ పుస్తకం పట్టి, నేర్చుకుంటూ నేర్పుతుంది. పెద్దలకు అన్నీ తెలుసన్న నమ్మకం సడలే వయసు పిల్లలకు, తెలియనితనాన్ని దాచుకోని తల్లిని చూపడం ఈ చిత్రం సాధించిన ముఖ్య ప్రయోజనం.

పరిమితులు కూడా ఇక్కడి నుంచే మొదలవుతాయి. సరస్వతి చదువు ప్రధానమైన కొద్దీ కథ దృష్టి అరుణ్ నుంచి ఆమె వైపు, ఆమె దాంపత్యం వైపు మళ్లుతుంది. బాల ప్రేక్షకుడు తన వయసు వాని మనసులో జరుగుతున్నదానిని అంతగా చూడలేడు. రెండవది ఇంకా మౌలికమైనది. సందేహంతో మొదలైన కథ 35 మార్కుల పరీక్ష వైపు సాగుతుంది. ప్రశ్నించే బుద్ధికి విలువ ఉందని చెప్పదలచిన చిత్రం, ఆ విలువను నిరూపించే బాధ్యతను తిరిగి బాలుని మీదనే ఉంచుతుంది. ముప్పై అయిదు రాకపోతే ఆ ప్రశ్న విలువ ఏమయ్యేది? చిత్రం ఈ సంగతి అడగదు.

చిత్ర యోగ్యతను హింస, అసభ్యత లేకపోవడంతో మాత్రమే కొలిస్తే ఈ చర్చకు తావుండదు. ఆ కొలత చిత్రంలో ఏమి లేదో చెబుతుంది కాని, పిల్లలకు ఏమి అందుతుందో చెప్పదు. ‘35 చిన్న కథ కాదు’ పదేళ్లు దాటిన పిల్లలకు తగిన చిత్రమే. అయితే దానిని పట్టుదలతో ఉత్తీర్ణత సాధించిన కథగా మాత్రమే తరగతిలో పరిచయం చేస్తే, చాణక్య చేసిన పొరపాటే పునరావృతమవుతుంది. ప్రదర్శన తరువాత చర్చ అరుణ్ అడిగిన సున్న ప్రశ్నతోనే మొదలు కావడం ఉచితం.