బ్రేకు లెక్క

2023 ఫిబ్రవరి 11. హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున, మన దేశంలో తొలి ఫార్ములా ఈ (కరెంటు కార్ల) పందెం. 2.83 కిలోమీటర్ల దారి, 18 మలుపులు. జాగ్వార్ మన టాటాల కంపెనీ కాబట్టి బళ్లారి సత్యనారాయణపేటలో టీవీ ముందు చేరిన మా అందరి ఓటూ దానికే. పైగా అందరికంటే ముందు వరుసలో బయల్దేరింది ఆ జట్టు డ్రైవరు మిచ్ ఎవాన్స్.

అదే జట్టు రెండో డ్రైవరు శామ్ బర్డ్. మూడో మలుపులో, రోడ్డు వెనక్కి మడతపడే చోట, నిస్సాన్ డ్రైవరు ఫెనెస్ట్రాజ్‌ను దాటబోయాడు. బ్రేకు ఆలస్యమైంది. చక్రాలు బిగుసుకున్నాయి, కారు జారింది, నేరుగా పోయి ఎవాన్స్‌కే తగిలింది. రెండు జాగ్వార్లూ ఒక్క దెబ్బకు పందెం నుంచి పోయాయి. డీఎస్ పెన్స్కే డ్రైవరు వెర్న్, చివర్లో బ్యాటరీ ప్రత్యర్థికన్నా తక్కువున్నా కాచుకుని, అర సెకను లోపు తేడాతో గెలిచాడు. రెండో స్థానం ఎన్‌విజన్ జట్టు కాసిడీది.

అది 16 పందేల సీజన్‌లో నాలుగోది మాత్రమే. ఇంకా ఎంతో ఉందిలే అనుకున్నాం. జులై చివర లండన్‌లో లెక్క తేలేసరికి జట్ల పట్టికలో ఎన్‌విజన్‌కు 304, జాగ్వార్‌కు 292. తేడా 12. మూడో స్థానానికి ఇచ్చేదే 15. అంటే ఆ రోజు ఒక్క కారు మూడోదిగా వచ్చినా చాలేది. ఇంకో చిత్రం, ఎన్‌విజన్ కార్లలో ఉన్న మోటారు జాగ్వార్‌దే. సరుకు అమ్మినవాడు కొన్నవాడి చేతిలో ఓడాడు.

బర్డ్ బ్రేకు చూస్తే నాకు నా డ్రైవింగు పాఠాలు గుర్తొచ్చాయి. మా బళ్లారిలో బండి నేర్చుకోవడమంటే హోస్పేట దారిలో మైన్స్ లారీల మధ్య నేర్చుకోవడం. నాకు స్టీరింగ్ అప్పగించిన పెద్దాయన లారీ డ్రైవరే. తొక్కేది ఎవడైనా తొక్కుతాడు, ఎత్తేది నేర్చుకో అని రోజూ సతాయించేవాడు. ఒకే ఓనరు లారీలు వరసగా పోతుంటే వాటి మధ్య ఎడం ఇంకాస్త ఎక్కువుండాలన్నది ఆయన పట్టు. ముందున్నది మనోడి బండే కదా అన్న ధీమాతో కాలు బరువెక్కుతుందట.

ఫార్ములా ఈలో కాలెత్తే ఈ విద్యకు విలువ మరీ ఎక్కువ. ఆ ఏడాది వచ్చిన కొత్త కార్లలో వెనక చక్రాలకు మామూలు బ్రేకులే లేవు. మోటారే వేగాన్ని ఆపి, ఆ శక్తిని బ్యాటరీకి తిరిగిస్తుంది. పందెంలో ఖర్చయ్యే కరెంటులో కనీసం 40 శాతం ఇలా వచ్చేదే. అందుకే మలుపుకు ముందే కాలెత్తి బండిని దొర్లనిచ్చేవాడు చివరి ల్యాపులకు దాచుకుంటాడు. వెర్న్ ఆ రోజు తక్కువ బ్యాటరీతోనూ చివరిదాకా నెట్టుకొచ్చింది ఈ పొదుపుతోనే.

హైదరాబాద్‌లో దెబ్బతిన్న ఎవాన్స్ జులై 16న రోమ్‌లో బర్డ్ చేసిన తప్పే చేశాడు. బ్రేకు కుదరక కాసిడీ కారు మీదికెక్కాడు. ఇద్దరూ టైటిల్ కోసం పోరాడుతున్నవాళ్లే. లాభం మాత్రం ఆ పందెం గెలిచిన జేక్ డెన్నిస్‌ది. డెన్నిస్‌కూ హైదరాబాద్‌లో వచ్చింది సున్నాయే, అయినా 229 పాయింట్లతో ఛాంపియన్ అయ్యాడు. ఎవాన్స్ 197 దగ్గర ఆగాడు. ఒక సున్నా ఎవరికైనా వస్తుంది. రెండోది మన చేతులారా తెచ్చుకుంటే పట్టిక క్షమించదు.

మరుసటి ఏడు జాగ్వార్ బర్డ్ స్థానంలో కాసిడీని తెచ్చుకుని జట్ల టైటిల్ కొట్టింది. 2024 హైదరాబాద్ పందెం రద్దయింది కనుక ఆ ముచ్చట మన దేశంలో చూడలేకపోయాం. ఇకమీదట టీవీలో చూసేవాళ్లకు ఒక్క మాట: ఎవడు ఎవణ్ని దాటాడన్నది రీప్లేలో ఎలాగూ చూపిస్తారు. మలుపుకు ముందు ఎవడి కాలు ఎప్పుడు లేస్తోందో కనిపెట్టండి. సీజన్ ఎవడిదో చాలా ముందే తెలిసిపోతుంది.