ధర్మవరంలో మకారం ఎక్కడికి పోయింది?

ఇంటి కంప్యూటరులో తెలుగు రావడం లేదన్న ఫిర్యాదు వినడానికి ఒకటే అయినా, దాని వెనుక కనీసం మూడు వేర్వేరు లోపాలు ఉండవచ్చు. ఏది ఏదో విడదీయకుండానే ఫార్మాట్ కొట్టించడం, అంటే హార్డ్ డిస్కును తుడిచి విండోస్‌ను మొదటినుంచి ఎక్కించడం, స్టార్టరులో ఫీజు పోయిన బోరును వదిలేసి పక్కన మరో బోరు వేయించడం వంటి పని. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే అనంతపురం మెట్టలో బోరు మెకానిక్కు ముందు మూడు ఫేజులూ వస్తున్నాయా అని చూస్తాడు, తరువాత స్టార్టరు, ఆ తరువాత కేబులు, మోటారు. నీళ్లు అడుగంటాయన్న మాట అతని నోట ఆఖరున గాని రాదు. సాఫ్ట్‌వేరుకూ ఆ వరుసే కావాలి.

ధర్మవరం అన్న మాటనే తీసుకుంటే, ప్రపంచ భాషల అక్షరాలన్నిటికీ ఒక్కో సంఖ్య కేటాయించే యూనికోడ్ పద్ధతిలో, 1991 నుంచి తెలుగుకు విడిగా ఉన్న 128 గడులలోనుంచి ధ, ర, పొల్లు, మ, వ, ర, సున్న అనే ఏడు సంకేతాలుగా అది నిలువ ఉంటుంది. ఆ సంకేతాలకు బొమ్మలు సమకూర్చేది ఫాంటు; పొల్లును చూసి మకారాన్ని వత్తుగా రకారం కిందికి దించాలని నిర్ణయించేది విండోస్‌లో యూనిస్క్రైబ్ అనే మరో భాగం. అందువల్ల తెరమీద ఖాళీ డబ్బాలు కనిపిస్తే ఫాంటు లేదని, అక్షరాలుండీ పొల్లు ఒకవైపు, మకారం ఒకవైపు విడిగా నిలబడితే ఫాంటు ఉన్నా కూర్పు జరగడం లేదని అర్థం. తప్పు ఎక్కడో తప్పే చెబుతున్నప్పుడు ఊహాగానాలతో పనిలేదు.

విండోస్‌లో తెలుగుకు చోటు దొరికింది 2001లో వచ్చిన ఎక్స్‌పీతో; అయితే ఆ చోటు తలుపు మూసి ఉండేది. కంట్రోల్ ప్యానెల్‌లో ప్రాంతీయ భాషల విభాగం తెరిచి, సంక్లిష్ట లిపుల ఫైళ్లను ఎక్కించమనే గడిలో టిక్కు పెడితే, పది మెగాబైట్లో అంతకు మించో జాగా కావాలని హెచ్చరించి, ఆపైన విండోస్ సీడీ పెట్టమని అడిగేది. అసెంబుల్డ్ కంప్యూటరు కొన్న ఇంట్లో సీడీ ఎక్కడుంటుంది? అందులోని ఐ386 అనే ఫోల్డరును తెలిసినవారి దగ్గర కాపీ చేసుకొని, సీడీకి బదులు దాని దారి చూపించడమే అప్పటి ఉపాయం. ఇది తెలియనివారు తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన ఫాంటు ఒక్కటే తెచ్చి పెట్టుకొని, డబ్బాలు పోయినా ధర్మవరం కుదురుకోలేదేమని ఫాంటునే తప్పుపట్టేవారు. 2007లో ఇళ్లకు చేరిన విస్టానుంచి ఈ టిక్కు అవసరమే లేకుండా పోయింది.

మూడో లోపం నేటికీ ఉంది. శుభలేఖలు, కరపత్రాలు కూర్చే డీటీపీ కేంద్రాలలో వాడే అను వంటి పాత ఫాంట్లు, ఇంగ్లీషు అక్షరాల గడులలోనే తలకట్టులనూ దీర్ఘాలనూ ముక్కలు ముక్కలుగా కూర్చి పెట్టుకున్నవి కనుక, అక్కడ తయారైన ఫైలును ఆ ఫాంటు లేని ఇంట్లో తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు బారులు తీరుతాయి. దీనికి ఎన్ని యూనికోడ్ ఫాంట్లు పెట్టినా ఫలితం లేదు. ఆ ఫాంటే తెచ్చుకోవాలి, లేదా పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చాలి.

ఏ పని చేసినా ఒకసారికి ఒక్కటే మార్చి, కంప్యూటరును రీస్టార్ట్ చేసి, అదే మాటను మళ్లీ తెరిచి చూడాలి. రెండు మార్పులు కలిపి చేసినవారికి తెలుగు వచ్చినా, ఏ మార్పువల్ల వచ్చిందో తెలియదు. కరెంటు నిలకడలేని ఊళ్లలో ఇన్‌స్టాలేషన్ సగంలో ఆగి ఫైళ్లు చెడిపోవడమూ ఉన్నదే గనుక, యూపీఎస్ లేని ఇంట్లో కోత వేళ తెలుసుకొని మొదలుపెట్టడం మేలు. అన్నీ కుదిరి కంప్యూటరు తిరిగి లేచాక చూడవలసింది ఒక్కటే: ధర్మవరంలో మకారం రకారం కిందికి దిగిందా, లేదా.