తొమ్మిది జీల దగ్గర ఊపిరి

పైలట్లను గిరగిరా తిప్పే సెంట్రిఫ్యూజ్ యంత్రం 9 జీలు, అంటే భూమ్యాకర్షణకు తొమ్మిది రెట్లు, అందుకుంటే అందులో కూర్చున్న 70 కిలోల పైలట్ 630 కిలోల బరువు మోస్తున్నట్టే. ఆ బరువును కండ ఓర్చుకుంటుంది. చిక్కంతా రక్తంతోనే. గుండె నుంచి కంటికి ఉన్నది జానెడున్నర ఎత్తు. ఆ ఎత్తెక్కడానికి ఒక్కో జీకి 22 మిల్లీమీటర్ల రక్తపోటు ఖర్చవుతుంది. 120తో మొదలైన గుండెకు 5 జీలు దాటాక ఏం మిగులుతుంది? ముందు రంగులు వెలిసిపోతాయి, తర్వాత చూపు గొట్టంలోంచి చూసినట్టు కుంచించుకుపోతుంది, ఆపైన చీకటి. అప్పటికీ రక్తం అందకపోతే స్పృహ పోతుంది. తేరుకుని మళ్లీ విమానాన్ని అదుపులోకి తెచ్చుకునేసరికి అర నిమిషం గడిచిపోవచ్చు. నేల దగ్గర పడుతున్నప్పుడు అంత వ్యవధి ఎవరికుంటుంది?

దీన్ని గెలిచే విద్య చూసితీరాలి. జీ మీద పడకముందే పిక్కలు, తొడలు, పిరుదులు, పొట్ట బిగించేయాలి. ఆధునిక విమానంలో జీ సెకనుకు ఆరు చొప్పున పెరగగలదు, వచ్చాక బిగిద్దామంటే కుదరదు. నిండా గాలి పీల్చి, గొంతు మూసి, ఆ మూసిన గొంతు మీదికి ఛాతీతో నెట్టాలి. ఆ ఒత్తిడే రక్తాన్ని తలకెక్కిస్తుంది. మూడు సెకన్లకోసారి, రెప్పపాటులో, కాస్త గాలి వదిలి మళ్లీ పీల్చాలి. పట్టు ఎక్కువసేపు ఉంచితే గుండెకు రక్తం తిరిగి రాదు, వదిలి మళ్లీ పీల్చడానికి ఎక్కువసేపు తీసుకుంటే తలలో రక్తపోటు పడిపోతుంది. కాళ్లు మాత్రం క్షణం కూడా సడలకూడదు. ఇలా 9 జీల దగ్గర 15 సెకన్లు నిలబడి, కళ్లు తెరిచి, ఎదుటి దీపాన్ని గురి తప్పకుండా చూసేవాళ్లకు నేను చేతులెత్తి మొక్కుతాను.

పైలట్ కాళ్లను, పొట్టను నొక్కిపట్టే జీ-సూట్‌ను మొదట టొరంటోలో విల్బర్ ఫ్రాంక్స్ నీళ్లతో చేశాడు. సెంట్రిఫ్యూజ్‌లో పగిలిపోయే గాజు గొట్టాలను చూసి ఆ ఆలోచన వచ్చిందంటారు. మేయో క్లినిక్‌లో ఎర్ల్ వుడ్ తానే ఆ యంత్రమెక్కి తిరుగుతూ ఊపిరి పద్ధతికి రూపమిచ్చాడు. 1958లో ఫ్లానగన్ గ్రే నీళ్లు నింపిన పెట్టెలో మునిగి, 31.25 జీలను ఐదు సెకన్లు తట్టుకున్నాడు. మహా సాహసమే. అయినా కుర్చీలో కూర్చుని, సొంత ఊపిరితో 9 జీలు నెగ్గినవాడే నా లెక్కలో పెద్ద. సూట్ ఇచ్చేది ఒకటి, ఒకటిన్నర జీ. సరిగ్గా బిగించిన ఒళ్లు ఇచ్చేది మూడు జీలు, ఆపైన కూడా.

2016 జూన్‌లో మన దుండిగల్ వైమానిక దళ అకాడమీలోనే అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ అనే ముగ్గురు ఆడపిల్లలు యుద్ధ విమాన విభాగంలో అధికారులయ్యారు. ఆడవాళ్లు సగటున పొట్టి, పొట్టివాళ్లకు గుండెకూ కంటికీ దూరం తక్కువ, ఆ మేరకు లాభమే. ఆడపిల్లలు తట్టుకోలేరన్న మాట ఇప్పటికీ వినబడుతుంటే ఒళ్లు మండుతుంది.

అంతకన్నా మండించేవి ఫోన్లలో తిరిగే వీడియోలు. సెంట్రిఫ్యూజ్‌లో స్పృహ తప్పి తల వాలిన కుర్రాణ్ణి చూసి నవ్వులు, దానికి సంగీతం! మరికొందరు ముఖం ఎర్రబడేలా గొంతులో మూలిగి, అదే ఆ విద్య అంటూ నేర్పుతున్నారు. వాళ్ల కాళ్లు చూడండి, వేలాడుతుంటాయి. చప్పుడే తప్ప అందులో పనేమీ లేదు. నిపుణుల పర్యవేక్షణ లేకుండా అలా ఊపిరి బిగిస్తే కళ్లు తిరిగి పడిపోవచ్చు.

వైమానిక దళంలో చేరాలని తపించే పిల్లలారా, ఆ మూలుగులు ఇంట్లో ప్రయత్నించకండి. తొడలకు, పొట్టకు బలం పెంచుకోండి, మిగిలింది గురువులు నేర్పుతారు. తల వాలిన ఆ కుర్రాడి వీడియో మీ ఫోన్‌కు వస్తే దయచేసి ఇంకొకరికి పంపకండి.